రాఫ్టింగ్ స్లాలమ్

రాఫ్టింగ్ స్లాలమ్ అనేది ఉరవడిగా పారే నదిలో గాలి నింపిన రబ్బరు తెప్ప (రాఫ్టు)పై జట్టుగా కూర్చొని, నీటిపై వేలాడదీసిన గేట్ల గుండా నిర్ణీత క్రమంలో, నిర్ణీత దిశలో, వీలైనంత తక్కువ సమయంలో సాగే జలక్రీడ. అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య నిర్వహించే ప్రపంచ పోటీలలోని నాలుగు విభాగాలలో ఇది ఒకటి. మిగిలిన విభాగాలలో వేగానిదీ దమ్ముదీ పైచేయి కాగా, ఇందులో ఖచ్చితత్వానిది పైచేయి. ఒక్క గేటు తప్పినా జట్టు కాలానికి 50 సెకన్లు కలుస్తాయి. అందువలన అందరికంటే వేగంగా గమ్యం చేరిన జట్టే విజేత కావాలన్న నియమం ఇక్కడ లేదు.

పేరు

"స్లాలమ్" నార్వే భాష నుండి వచ్చిన మాట. అందులో మొదటి భాగానికి వాలు అని, రెండవ భాగానికి జాడ లేదా బాట అని అర్థం. మంచు కొండల వాలుపై పాతిన కర్రల మధ్య వంకరటింకరగా జారే స్కీయింగు పోటీకి మొదట ఈ పేరు ఉండేది. 1930వ దశకంలో స్విట్జర్లాండులో ఈ పద్ధతిని చిన్న పడవలకు అన్వయించారు. ఆ విధంగా కనో స్లాలమ్ పుట్టింది. అదే పద్ధతి తరువాత కాలంలో రబ్బరు తెప్పలకూ విస్తరించింది.

చరిత్ర

కనో స్లాలమ్‌లో తొలి ప్రపంచ పోటీలు 1949లో జెనీవాలో జరిగాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో ఈ క్రీడకు మొదటిసారిగా చోటు లభించింది. ఆ పోటీల కోసం ఆగ్స్‌బర్గ్ పట్టణంలో కృత్రిమ ప్రవాహమార్గాన్ని నిర్మించారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఒలింపిక్సుకు దూరమైన ఈ క్రీడ 1992 బార్సెలోనాలో తిరిగి ప్రవేశించి నేటివరకు కొనసాగుతున్నది.

తెప్పల పందేల చరిత్ర ఇంతకంటే ఇటీవలిది. 1989లో సోవియట్ యూనియన్‌లోని సైబీరియాలో చూయా నదిపై అనేక దేశాల జట్లు కలిసి పోటీ పడ్డాయి. సోవియట్, అమెరికా దేశాల నదీప్రేమికుల మధ్య స్నేహం పెంచడం దాని ఆశయాలలో ఒకటి. మరుసటి సంవత్సరం అమెరికాలోని నాంటహేలా నదిపై ఇటువంటి సమావేశమే జరిగింది. 1990వ దశకం చివర అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య ఏర్పడి, 1998లో కోస్టా రికాలో ప్రపంచ పోటీలను నిర్వహించింది. తరువాతి కాలంలో దక్షిణ కొరియా (2007), బోస్నియా హెర్జెగొవీనా (2009), నెదర్లాండ్స్ (2010), న్యూజీలాండ్ (2013), ఇండోనేషియా (2015), జపాన్ (2017) మొదలైన దేశాలు ఆతిథ్యమిచ్చాయి. కొండలు లేని నెదర్లాండ్సులో పోటీలు కృత్రిమ మార్గంపై జరిగాయి. ప్రపంచ రాఫ్టింగ్ సమాఖ్య అనే మరొక సంస్థ కూడా వేరుగా పోటీలు నిర్వహిస్తున్నది. రాఫ్టింగు ఇంకా ఒలింపిక్ క్రీడ కాలేదు.

పోటీలలో స్లాలమ్ స్థానం

అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య పద్ధతిలో ఒక జట్టు నాలుగు విభాగాలలోనూ పాల్గొని మొత్తం 1000 పాయింట్లకు పోటీ పడుతుంది.

* స్ప్రింట్ - తక్కువ దూరాన్ని ఒక్కొక్క జట్టు విడిగా అతివేగంగా దాటడం. గరిష్ఠంగా 100 పాయింట్లు.
* ముఖాముఖి - రెండేసి జట్లు పక్కపక్కన బయలుదేరడం. ఓడిన జట్టు నిష్క్రమిస్తుంది. 200 పాయింట్లు.
* స్లాలమ్ - గేట్ల గుండా సాగడం. 300 పాయింట్లు.
* డౌన్‌రివర్ - అనేక కిలోమీటర్ల దూరపు పందెం. 400 పాయింట్లు.

కొన్ని నిమిషాలలో ముగిసే స్లాలమ్‌కు స్ప్రింటు కంటే మూడు రెట్ల పాయింట్లు ఇవ్వడాన్ని బట్టి ఈ క్రీడలో నైపుణ్యానికి ఉన్న విలువ తెలుస్తుంది.

జాతీయ జట్టు

జట్లు రెండు రకాలు. ఆరుగురు తెడ్డు వేసేదానిని ఆర్-6 అని, నలుగురు వేసేదానిని ఆర్-4 అని అంటారు. ఆర్-6లో పక్కకు ముగ్గురు చొప్పున, ఆర్-4లో పక్కకు ఇద్దరు చొప్పున కూర్చుంటారు. ఒక అదనపు సభ్యుడు అందుబాటులో ఉంటాడు. పురుషులకు, స్త్రీలకు వేరువేరు పోటీలు ఉంటాయి. 19 ఏళ్ళ లోపువారికి, 23 ఏళ్ళ లోపువారికి, 40 ఏళ్ళు దాటినవారికి ప్రత్యేక వర్గాలు కలవు.

క్రికెట్టు వంటి క్రీడలలో వేరువేరు జట్ల నుండి మేటి ఆటగాళ్ళను ఏరి జాతీయ జట్టును కూర్చడం పరిపాటి. రాఫ్టింగులో మాత్రం అనేక దేశాలలో జాతీయ పోటీలలో గెలిచిన జట్టునే యథాతథంగా దేశం తరఫున పంపుతారు. దీనికి కారణం క్రీడ స్వభావంలోనే ఉన్నది. విడివిడిగా ఎంతటి బలవంతులైనా, కలిసి సాధన చేయని ఆరుగురు ఒకే లయలో తెడ్డు వేయలేరు. ఏళ్ళ తరబడి ఒకే తెప్పపై కూర్చున్నవారికి ముందున్న వ్యక్తి భుజం కదలికను బట్టే తరువాతి తెడ్డు ఎప్పుడు పడుతుందో తెలిసిపోతుంది.

పందెపు మార్గం

పందెపు మార్గం కొన్ని వందల మీటర్ల పొడవు ఉంటుంది. దానిపై సాధారణంగా 12 వరకు గేట్లు ఉంటాయి. నదికి అడ్డంగా కట్టిన తీగల నుండి నీటికి కొద్దిగా పైన వేలాడే రెండు కడ్డీలను కలిపి ఒక గేటు అంటారు. ప్రతి గేటుకూ వరుస సంఖ్య ఉంటుంది. ఆకుపచ్చ, తెలుపు చారలున్న గేటును ప్రవాహం వెంబడి దాటాలి. ఎరుపు, తెలుపు చారలున్న గేటును ప్రవాహానికి ఎదురుగా, అంటే దిగువ నుండి ఎగువకు దాటాలి. జట్ల బలాబలాలు తేలేది ఎక్కువగా ఈ ఎరుపు గేట్ల దగ్గరే.

కాలగణన, జరిమానాలు

ప్రతి జట్టుకూ రెండు అవకాశాలు ఇస్తారు. వాటిలో మెరుగైన దానినే లెక్కలోకి తీసుకుంటారు. గేటు కడ్డీని తెప్పగాని, తెడ్డుగాని, మనిషి శరీరంగాని తాకితే 5 సెకన్లు జరిమానా. గేటును వదిలివేసినా, తప్పు దిశలో దాటినా, దారి చేసుకోవడానికి కడ్డీని కావాలని నెట్టినా 50 సెకన్లు జరిమానా. ఒడ్డున నియమితులైన న్యాయనిర్ణేతలు ఒక్కొక్క గేటును పరిశీలిస్తారు. ఈ లెక్క ఫలితాన్ని ఎలా మారుస్తుందో కింది ఊహాత్మక ఉదాహరణలో చూడవచ్చు.

* మొదటి జట్టు: పట్టిన కాలం 2 నిమిషాల 22 సెకన్లు. ఒక గేటు తప్పింది. మొత్తం 3 నిమిషాల 12 సెకన్లు.
* రెండవ జట్టు: పట్టిన కాలం 2 నిమిషాల 40 సెకన్లు. రెండు కడ్డీలు తాకాయి. మొత్తం 2 నిమిషాల 50 సెకన్లు.
* మూడవ జట్టు: పట్టిన కాలం 2 నిమిషాల 48 సెకన్లు. తప్పులు లేవు. మొత్తం 2 నిమిషాల 48 సెకన్లు.

అందరికంటే నిదానంగా వచ్చిన మూడవ జట్టు ఇక్కడ విజేత. అందరికంటే 18 సెకన్లు ముందుగా గమ్యం చేరిన మొదటి జట్టు చివరి స్థానంలో నిలిచింది. గేటు తప్పబోతున్నదని తోచినప్పుడు కొన్ని సెకన్లు పోయినా సరే ఎదురు తెడ్డు వేసి వెనక్కి వచ్చి దాటడమే లాభమని ఈ లెక్క చెబుతున్నది. అయితే తిరిగి రావడానికి 50 సెకన్ల కంటే ఎక్కువ పట్టేటట్లు ఉంటే గేటును వదిలి ముందుకు సాగడం మేలు. ఈ నిర్ణయాన్ని నాయకుడు ఒకటి రెండు క్షణాలలో తీసుకోవాలి.

నీటి తీరు

ఈ క్రీడలో మొదట నేర్చుకోవలసినది నీటిని చదవడం. ప్రవాహం ఒక పెద్ద బండను ఢీకొన్నప్పుడు రెండు పాయలుగా చీలి పక్కల నుండి సాగిపోతుంది. బండ వెనుక ఏర్పడిన లోటును పూరించడానికి కొంత నీరు దిగువ నుండి ఎగువకు మళ్ళుతుంది. బండ చాటున ఇలా వెనుదిరిగే నీటిని ఎడ్డీ అంటారు. ప్రవాహం ఒకవైపు, ఎడ్డీ మరొకవైపు పోయేచోట రెండింటి నడుమ ఒక గీత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపు గేట్లను ఎక్కువగా ఎడ్డీలలోనే వేలాడదీస్తారు.

రెండవది, ఎత్తు నుండి దూకిన నీరు అడుగున తాకి, పైకి లేచి, వెనక్కి పొర్లడం. చెరువు మత్తడి దూకుతున్నప్పుడు కట్ట కింద నురగతో సుడులు తిరిగే నీటిని చూసినవారికి ఇది సుపరిచితం. చిన్నదైతే తెప్పను క్షణకాలం ఆపుతుంది. పెద్దదైతే తెప్పను, మనిషిని కూడా వదలకుండా పట్టి ఉంచుతుంది.

ప్రవాహాల కాఠిన్యాన్ని అంతర్జాతీయంగా ఒకటి నుండి ఆరు వరకు శ్రేణులుగా విభజించారు. ఒకటవ శ్రేణి చిన్న అలలు గల నీరు. ఆరవ శ్రేణి ప్రాణాపాయకరమైనది.

ఎరుపు గేటును దాటే విధానం

ఆరుగురు ఎక్కిన తెప్ప మొత్తం బరువు సుమారు అర టన్ను ఉంటుంది. ఇంత బరువును వేగంగా పోతున్న ప్రవాహం నుండి తప్పించి, వెనక్కి తిప్పి, గేటు దాటించి, మళ్ళీ ప్రవాహంలో కలపాలి. దీనిలోని దశలు ఇవి.

* సమీపించుట - గేటుకు చాలా ముందే తెప్ప ముక్కును ఎడ్డీ వైపు కోణంగా తిప్పి, పక్కకు వేగం పుట్టించాలి. గీత దగ్గరకు వచ్చాక తిప్పాలని చూస్తే ప్రవాహం తెప్పను దిగువకు ఈడ్చుకుపోతుంది.
* గీత దాటుట - ముక్కు ఎడ్డీలో, తోక ప్రవాహంలో ఉన్న క్షణంలో రెండు నీళ్ళు తెప్పను ఎదురెదురు దిశలలో నెట్టడం వలన అది తనంతట తానే తిరుగుతుంది. ఆ తిరుగుడుతో పోరాడకుండా దానిని వాడుకోవడమే నేర్పు. ఈ సమయంలో జట్టంతా మలుపు లోపలి వైపుకు ఒరగాలి. బయటి వైపుకు ఒరిగితే తెప్ప బోల్తా పడవచ్చు.
* గేటు దాటుట - వెనుదిరిగే నీటి సాయంతో రెండు మూడు బలమైన తెడ్డు వేటులతో కడ్డీల మధ్యకు పోవాలి. తెప్ప వెడల్పుకు, కడ్డీల నడుమ దూరానికి మధ్య తేడా తక్కువ కనుక కడ్డీ పక్కనున్నవారు తెడ్డును దగ్గరకు లాక్కొని, తలను వంచి కడ్డీ తాకకుండా చూసుకోవాలి.
* బయటపడుట - ముక్కు మళ్ళీ ప్రవాహానికి తగలగానే నీరు దానిని దిగువకు తిప్పుతుంది. ఆపకుండా తెడ్డు వేస్తూ తరువాతి గేటు దిశ పట్టాలి.

ఒక్క ఎరుపు గేటు దగ్గర మలుపు కొద్దిగా వెడల్పయితే చాలు, కడ్డీ తాకినంత నష్టం జరుగుతుంది.

తెడ్డు పని, జట్టు పొందిక

ప్రతి ఒక్కరి చేతిలో ఒకవైపు మాత్రమే ఆకు గల తెడ్డు ఉంటుంది. కూర్చునేది తెప్ప అంచుపైన. జారిపోకుండా పాదాలను అడ్డదిమ్మెల కింద ఇరికించుకుంటారు. ముందుకు వేయడం, వెనక్కి వేయడం, నీటిని తమవైపు లాగడం, వెలుపలికి నెట్టడం, వెడల్పుగా ఊడ్చినట్లు వేయడం ముఖ్యమైన తెడ్డు వేటులు.

జట్టులో ఎవరి పని వారికి ఉంటుంది. ముందు కూర్చున్న ఇద్దరు లయను నిర్ణయిస్తారు, ముక్కును గేటులోకి లాగుతారు. నడిమి ఇద్దరు బలాన్నిస్తారు. వెనుక కూర్చున్నవారు తెప్పను తిప్పుతారు, ఆజ్ఞలిస్తారు. మన గోదావరి పడవలలో చుక్కాని పట్టిన సరంగు పాత్ర వంటిదే ఇది. అయితే స్లాలమ్ తెప్పకు చుక్కాని ఉండదు, తెడ్డే చుక్కాని. నీటి హోరులో పొడవైన వాక్యాలు వినబడవు కనుక ఆజ్ఞలు ఒకటి రెండు అక్షరాల మాటలై ఉంటాయి.

పోటీకి ముందు జట్లు ఒడ్డున నడుస్తూ మార్గాన్ని పరిశీలిస్తాయి. ఏ గేటుకు ఎక్కడి నుండి తిరగాలి, ఎక్కడ తెడ్డు ఆపాలి అన్నది అందరూ కంఠస్థం చేస్తారు. ఒకరు మరచిపోతే ఆరుగురికీ జరిమానా పడుతుంది. వ్యక్తిగతమైన కాలం అంటూ ఎవరికీ ఉండదు.

కనో స్లాలమ్‌తో పోలిక

కనో స్లాలమ్ పడవ బరువు పది కిలోల లోపే. అందులో ఒక్కరే కూర్చుంటారు. అది గేటు వద్ద నడుము విరుపుతోనే తిరుగుతుంది. అందులో కడ్డీ తాకితే జరిమానా 2 సెకన్లు, గేటు తప్పితే 50 సెకన్లు. గేట్ల సంఖ్య 18 నుండి 25 వరకు ఉంటుంది. తెప్పను తిప్పడం కష్టం కనుక రాఫ్టింగులో గేట్లు తక్కువ. కాని కడ్డీ తాకినప్పటి జరిమానా మాత్రం ఎక్కువ.

భారతదేశంలో

మన దేశంలో తెప్పల విహారానికి పేరు పొందిన ప్రాంతాలు హిమాలయ నదులు. ఉత్తరాఖండ్‌లో ఋషీకేశ్‌కు ఎగువన గంగ, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్, లడఖ్‌లో జన్‌స్కార్, సింధు, సిక్కిం, పశ్చిమ బెంగాల్ ప్రాంతంలో తీస్తా వీటిలో ముఖ్యమైనవి. దక్షిణాదిన కర్ణాటకలోని దాండేలి వద్ద కాళీ నది ప్రసిద్ధం. కేరళలోని కోళిక్కోడ్ జిల్లా కోడంచేరి వద్ద మలబార్ నదీ ఉత్సవం పేరిట కయాక్ పోటీలు జరుగుతున్నాయి.

మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ సమీపంలో నర్మదా నది రాతిపొరల మధ్య అనేక పాయలుగా చీలి పారే సహస్రధార అనేచోట సహజమైన స్లాలమ్ మార్గం ఉన్నది. 2023 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా యువజన క్రీడల కనో స్లాలమ్ పోటీలు ఇక్కడే జరిగాయి. 2025లో ఉత్తరాఖండ్ ఆతిథ్యమిచ్చిన 38వ జాతీయ క్రీడలలో రాఫ్టింగును ప్రదర్శన క్రీడగా చేర్చారు.

విహారానికి, పందేనికి తేడా ఉన్నది. విహారంలో మార్గదర్శి ఒక్కడే నిపుణుడు, మిగిలినవారు ప్రయాణికులు. పందెంలో ప్రయాణికులు ఉండరు. ఋషీకేశ్‌లో ఒకటి రెండుసార్లు తెప్ప ఎక్కిన అనుభవం స్లాలమ్‌కు పునాది కాజాలదు.

వరంగల్లు, తెలుగు ప్రాంతాలు

గోదావరి వంటి మహానది ఉండగా తెలుగునాట స్లాలమ్ మార్గం ఎందుకు లేదన్న సందేహం సహజం. దీనికి సమాధానం నీటి పరిమాణంలో కాక నేల వాలులో ఉన్నది. 2012 లండన్ ఒలింపిక్సు కోసం నిర్మించిన లీ వ్యాలీ మార్గం పొడవు 300 మీటర్లు, వాలు 5.5 మీటర్లు, ప్రవాహం సెకనుకు 13 ఘనపు మీటర్లు. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే ఇది సుమారు 460 క్యూసెక్కులు మాత్రమే. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం వద్ద గోదావరిలో పారినది సుమారు 27 లక్షల క్యూసెక్కులు.

కాని లీ వ్యాలీలో ప్రతి 55 మీటర్లకు ఒక మీటరు చొప్పున నీరు దిగుతుంది. సుమారు 1067 మీటర్ల ఎత్తున త్ర్యంబకం వద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి సగటున 1370 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంది. ఆ దిగుడులో పెద్ద భాగం జన్మస్థానం దగ్గరి కొండలలోనే ముగుస్తుంది. ఏటూరునాగారం, భద్రాచలం ప్రాంతాలకు వచ్చేసరికి నది విశాలమై నిదానిస్తుంది.

పూర్వపు వరంగల్లు జిల్లాకు చెందిన ఏటూరునాగారం, లక్నవరం, రామప్ప చెరువు ఇప్పుడు 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలో ఉన్నాయి. లక్నవరం, రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల కాలంనాటివి. ఇవి నిలకడ నీళ్ళు. ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత జలపాతంలో ఉరవడి ఉన్నా, అది ఒక్కచోట దూకే నీరు. వరుసగా గేట్లు కట్టడానికి అనువైన పొడవైన మార్గం కాదు.

అయినప్పటికీ నిలకడ నీరు ఈ క్రీడకు పనికిరానిది కాదు. లయ, తెడ్డు వేటులు, తెప్పను ఉన్నచోటనే తిప్పడం, కడ్డీ తాకకుండా గేటు దాటడం వంటి ప్రాథమిక విద్యలను ఎక్కడైనా మొదట నిలకడ నీటిలోనే నేర్పుతారు. అనుమతి గల జలాశయంలో, శిక్షకుని పర్యవేక్షణలో, తాడుకు రెండు వెదురు కర్రలు వేలాడదీసినా సాధన గేటు తయారవుతుంది. తరువాతి దశకు మాత్రం పారే నీటికి, అంటే ప్రస్తుతానికి ఇతర రాష్ట్రాలకు వెళ్ళవలసిందే.

భద్రత

పోటీలలో శిరస్త్రాణం, లైఫ్ జాకెట్టు తప్పనిసరి. మార్గం పొడవునా రక్షక సిబ్బంది విసురుతాళ్ళతో, కయాకులతో సిద్ధంగా ఉంటారు. నీటిలో పడినవారు వెల్లకిలా తేలుతూ, పాదాలను దిగువ వైపుకు, నీటి ఉపరితలానికి దగ్గరగా ఉంచాలి. పారే నీటిలో నిలబడటానికి ప్రయత్నించరాదు. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచివేస్తుంది.

కాలువల డ్రాపులు, ఆనకట్టలు, చెరువు మత్తళ్ళు చూడటానికి స్లాలమ్ మార్గాల వలె కనిపించినా వాటిలో దిగడం మిక్కిలి ప్రమాదకరం. సహజమైన బండ దగ్గర పక్కల నుండి తప్పించుకునే దారి ఉంటుంది. ఒడ్డు నుండి ఒడ్డుకు సమంగా కట్టిన గోడ కింద వెనక్కి పొర్లే నీటికి ఎక్కడా సందు ఉండదు. అందులో చిక్కినవారిని, ఈతగాళ్ళయినా సరే, అది మళ్ళీ మళ్ళీ గోడ వైపుకే లాగుతుంది.

2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద పర్యాటక లాంచీ మునిగి 40 మందికి పైగా మరణించారు. లాంచీ వేరు, తెప్ప వేరు. అయినా వరద నీటి తీరును గౌరవించాలన్న నియమం రెండింటికీ సమానమే. నదిలో నీటిమట్టం హద్దు మీరినప్పుడు పోటీని వాయిదా వేయడం నిర్వాహకుల బాధ్యత.

ఇవి కూడా చూడండి

* కనో స్లాలమ్
* గోదావరి నది
* లక్నవరం సరస్సు
* పాకాల చెరువు
* బొగత జలపాతం